పసుపు గుడ్డ కట్టిన బండి

మొన్న ఆదివారం నేనెక్కిన సిటీబస్సు బీచిరోడ్డు మలుపు దగ్గరే ఆగిపోయింది. "దిగండమ్మా, ముందుకెళ్ళదు" అన్నాడు కండక్టరు. ఎందుకని అడిగితే రోడ్డుకడ్డంగా కట్టిన గుడ్డబోర్డు చూపించాడు. నా పక్కన కూర్చున్నావిడ, "కళ్ళజోడు తెచ్చుకోలేదండీ, ఏం రాసుందో" అంది. నేను చదివాను. అక్షరాలు నేర్చుకుని ఎన్నో ఏళ్ళు కాలేదు, నాకింకా పైకి చదవడమే అలవాటు. మోటారుసైకిళ్ళ, కార్ల పందేలు. మధ్యాహ్నం దాకా రోడ్డు మూసివేత.

నేను వెళ్ళాల్సింది చుట్టాలింటికి. వెనకవీధి నుంచి ఆటోలో వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. జనం వెనకాలే నడిచి తాడు దగ్గర నిలబడ్డాను. బళ్ళింకా కనబడలేదు. సముద్రపు హోరు మీద సన్నగా ఒక చప్పుడు లేచి, దగ్గరయ్యేకొద్దీ లావై, ఛాతీలోకి దిగింది. నా చెయ్యి దానంతటదే లేచి నోటిని మూసింది. మూసింది నా చెయ్యే. కాని నాకు తగిలింది మా మామ్మ చెయ్యి. ఉప్పు, చేపపొలుసు, పసుపు వాసనేసే చెయ్యి.

మాది హార్బరుకి అవతల ఇసుకలో ఉండే పేట. మా నాన్న సముద్రం మీదికెళ్ళి తిరిగిరాలేదు. అప్పటికి నేను చంటిపిల్లని, నాకు ఆయన ముఖం గుర్తులేదు. మామ్మకి ఇంకో కొడుకున్నాడు, మా చిన్నాన్న. అన్నతో పాటు కొన్నాళ్ళు పడవెక్కినవాడే. నాన్న పోయాక మామ్మ చిన్నాన్న చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, హైవే పక్కనున్న బళ్ళ షెడ్డులో పనికి అప్పగించిందట. "నీళ్ళకి ఆకలెక్కువ. ఇనుముకి ఆకలుండదు. అందుకే ఇక్కడ ఒగ్గీసినాను" అనేది ఎవరడిగినా.

అమ్మ తెల్లారకుండానే గంపతో హార్బరుకి వెళ్ళిపోయేది. నన్ను పెంచింది మామ్మ, చెడగొట్టింది చిన్నాన్న. సాయంత్రం ఆయన షెడ్డు నుంచి వస్తుంటే వాసనే ముందు వచ్చేది. పేటంతా ఎండుచేపల వాసన, మా చిన్నాన్న ఒక్కడిదే పెట్రోలు వాసన. చొక్కా జేబులో నాకోసం పాత బేరింగు గుండ్లు తెచ్చేవాడు. నా గోళీలు చూసి పేట పిల్లలు ఏడ్చేవారు.

మా పేట పిల్లలకి ఒక ఆట ఉండేది. పడవలు ఒడ్డుకొచ్చేవేళ అల బాగోలేకపోతే, ఒడ్డున ఉన్న పెద్దవాళ్ళు ఒక గుడ్డని రెండు చేతులా పైకెత్తి నేలదాకా దించుతారు. మళ్ళీ ఎత్తుతారు, మళ్ళీ దించుతారు. ఆగు, ఈ అల పోనీ అని దానర్థం. గుడ్డ నెత్తిమీద గిరగిరా తిప్పితే, రా అని. అది చూసి పడవలోవాళ్ళు తెడ్లు ఎత్తేస్తారు, ఎందుకని అడగరు. ఒకసారి చిన్నాన్న సైకిలు మీద వేగంగా వస్తుంటే నేను సందు చివర నిలబడి తువ్వాలు ఎత్తి దించాను. ఆయన ఠక్కున ఆగిపోయాడు. ఒక కాలు నేలమీద పెట్టి అటూ ఇటూ చూశాడు. తర్వాత నేను నవ్వడం చూశాడు.

చెవి మెలిపెట్టి అన్నాడు: "ఇంకేటైనా ఆడుకో. దీంతో ఆడకు. ఇంకెప్పుడన్నా ఉత్తినే ఎత్తినావంటే సెయ్యిరిసేత్తాను."

నేను ఏడ్చాను. సముద్రం మానేసి ఏళ్ళైనా ఆయన ఒళ్ళు ఆ సైగని మానలేదని అప్పుడు నాకు తెలిసింది.

నాకు తొమ్మిదో పదో ఏళ్ళున్నప్పుడు, ఒక ఎండాకాలం చిన్నాన్న ఒంటిమీద వాసన మారింది. ఒకరోజు అన్నం పెడుతూ మామ్మ ముక్కు ఎగబీల్చింది.

"ఏట్రా ఇది? ఆముదం వాసనొత్తంది. తలంటుకున్నావేటి?"

"కాదమ్మా, బండికి పోసినాను."

"బండికి ఆముదమేటి? దానికీ కడుపు సరిగా నేదేటి?"

నేను, అమ్మ పొట్ట పట్టుకుని నవ్వాం. చిన్నాన్న కూడా నవ్వాడు. ఆ నవ్వులోనే నోరు జారాడు. "పందెం బండికి మామూలు నూనె ఆగదమ్మా, కాలిపోద్ది."

మామ్మ గరిటె కింద పెట్టింది. "పందెం బండేటి?"

అప్పుడు చెప్పాల్సొచ్చింది. స్టీలు ఫ్యాక్టరీ కోసం ఊరవతల పెద్ద పెద్ద రోడ్లు వేశారు. ఫ్యాక్టరీ ఇంకా లేవలేదు, రోడ్లు మాత్రం నల్లగా నిగనిగలాడుతూ ఖాళీగా పడున్నాయి. ఆ రోడ్ల మీద ఒక ఆదివారం పందేలు పెడుతున్నారు. పొద్దున్న మోటారుసైకిళ్ళు, మధ్యాహ్నం కార్లు. షెడ్డు ఓనరు బండి మీద చిన్నాన్న దిగుతున్నాడు. మొదటి ముగ్గురిలో వస్తే మద్రాసు పందేలకి తీసుకెళ్తానని ఓనరు మాటిచ్చాడు.

"మీ అన్న నీళ్ళమీద పోనాడు. నువ్వు నేలమీద పోతావేటి?" అంది మామ్మ.

"అలాగనకమ్మా. నాకు మద్రాసెళ్ళాలనుంది. నాకు వొచ్చిన పని ఇదొక్కటే."

"పనా అది? ఎనకాల పులి తరుముతున్నట్టు పరిగెట్టడం ఒక పనేటి?"

రెండ్రోజుల తర్వాత మామ్మ చేపలకి ఉప్పు పట్టిస్తూ, తలెత్తకుండానే, "నానూ వొత్తాను. కళ్ళెదర ఉంటే బయిం తక్కువ" అంది. నన్ను కూడా తీసుకెళ్ళేటట్టు ఆ మాటలోనే ఒప్పందమైపోయింది, మామ్మకి చూపు మసక కాబట్టి.

ఆదివారం చీకటితో లేచాం. చోడిపిండి అంబలి సత్తుగిన్నెలో పోసి, కాల్చిన నెత్తళ్ళ ఎండుచేపలు, ఉల్లిపాయ మీద పెట్టి, పాత ఎర్రచీర ముక్కతో మూటకట్టి మామ్మ నా చేతికిచ్చింది. "ఒంపేవంటే తంతాను" అంది. బస్సెక్కి, దిగి, ఆ కొత్తరోడ్డు మీద నడిచాం. అంత వెడల్పు రోడ్డు నేనెప్పుడూ చూడలేదు. ఎండెక్కకముందే తారు వాసన. రోడ్డుకి ఒకవైపు జీడితోట. పళ్ళు రాలి పులిసిపోయి మత్తు వాసనేస్తున్నాయి. మామ్మ చూడకుండా ఒకటి కొరికితే గొంతు పట్టేసింది. జాకెట్టు మీద పడ్డ ఆ మరక చిరిగిపోయేదాకా పోలేదు.

జనం తిరునాళ్ళకొచ్చినట్టు వచ్చారు. పోర్టులో పనిచేసేవాళ్ళు, ఫ్యాక్టరీ కడుతున్న కూలీలు, ప్యాంట్లేసుకున్న కాలేజీ కుర్రాళ్ళు. పాలైసు అమ్మేవాడు మామ్మని చూసి, "ఏం మామ్మా, నువ్వు కూడా బండెక్కుతావేటి?" అన్నాడు.

"నా కొడుకు బండెక్కినాడు. నువ్వు నీ ఐసుబండి తోసుకో, కరిగిపోతంది" అంది మామ్మ. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మామ్మ నవ్వలేదు. నా భుజం మీద చెయ్యి తియ్యలేదు.

బళ్ళు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒక్కోదానికి ముందర తెల్లబిళ్ళ, దానిమీద నల్లగా ఏదో గీసి ఉంది. మనుషుల ఒంటిన తోలు కోట్లు, నెత్తిన గుండ్రటి టోపీలు. ఎవరు ఎవరో తెలీదు. చిన్నాన్న మా దగ్గరికొచ్చి టోపీ తీస్తేగాని నేను కూడా పోల్చుకోలేదు.

"అమ్మా, నా బండి మీద అంకె ఉంటాది. అది సూసుకో" అన్నాడు.

"నాకు అంకెలొచ్చాయేటి? దీనికొచ్చాయేటి? ఇన్ని బళ్ళల్లో నిన్నెలాగ పోల్చుకునేది?" అంటూ మామ్మ నడుం దగ్గర దోపుకున్న గుడ్డ తీసింది. ముందురోజే పసుపునీళ్ళలో ముంచి ఆరేసిన గుడ్డ. మా పేటలో ప్రతి పడవకీ తెరచాప కొయ్య చివర ఒక గుడ్డ ఉంటుంది, ఎవరి రంగు వాళ్ళది. ఒడ్డున ఉన్న ఆడవాళ్ళు దాన్ని చూసే మనవాళ్ళొస్తున్నారని పొయ్యి వెలిగిస్తారు. మా నాన్న పడవది పసుపు.

మామ్మ బండి దగ్గరికి వెళ్ళి, సీటు వెనక ఉన్న కమ్మీకి ఆ గుడ్డ కట్టింది. పడవకి కట్టినట్టే కట్టింది. ఒక కొస ముడి, రెండో కొస పొడుగ్గా వదిలేసింది. గాలికి ఎగరకపోతే దూరానికి కనబడదు కదా.

చిన్నాన్న ఒకసారి దానికేసి చూశాడు, ఒకసారి మామ్మకేసి చూశాడు. ఏదో అనబోయాడు. అప్పటికే విజిలు వేశారు, అందరినీ రమ్మంటున్నారు. బయల్దేరేటప్పుడు తల్లి కట్టింది తిరిగొచ్చేదాకా విప్పకూడదని మాలో ఒక పట్టింపు. టోపీ పెట్టుకున్నాడు.

ఆయన వెళ్ళిపోతుంటే నేను "సిన్నా" అని నోరు తెరిచాను. మామ్మ చెయ్యి టపీమని నా నోటిమీద పడింది. "ఎనకనుంచి పిలుత్తావేటే? బుద్ధి నేదూ?" అంది గుసగుసగా. సముద్రానికి వెళ్ళేవాణ్ణి వెనకనుంచి పిలవకూడదు. నాన్న వెళ్ళిన రోజు ఎవరో పిలిచారని మామ్మ నమ్మకం. ఎవరని ఎప్పుడూ చెప్పలేదు. అమ్మ ఉన్నప్పుడు మాత్రం ఆ మాట ఎత్తేది కాదు.

జెండా ఊపారు. ఒక్కసారిగా అన్ని బళ్ళూ అరిచాయి. నేల దద్దరిల్లింది, ఆముదం కాలిన నీలం పొగ మా మీదికి వచ్చింది. ఆ వాసనకి ఇల్లు గుర్తొచ్చి నాకు ధైర్యం వచ్చింది. బళ్ళు నేరుగా వెళ్ళి, ఒక చిన్న కొండని చుట్టి, జీడితోట అవతలున్న రోడ్డు మీదుగా పల్లంలోకి దిగి, మలుపు తిరిగి మళ్ళీ మా ముందుకు రావాలి. అలా చాలా చుట్లు.

మొదటి చుట్టులో ముందు రెండు బళ్ళు వెళ్ళాయి. వాటి వెనక పసుపు.

"అదిగో, మనోడు! మూడోవోడు!" అని మామ్మ ఎగిరింది. ఆ మసక కళ్ళకి మనిషి ఆనలేదు, బండి ఆనలేదు. పసుపొక్కటే ఆనింది. చాలనుకుంది. దండం పెట్టుకుంటూ, ఎవరెవరి పేర్లో చెప్పి మొక్కుకుంటూ ఉంది. మద్రాసు, మద్రాసు అని నేను లోపల్లోపల అనుకున్నాను.

రెండో చుట్టులో కూడా ఆయన మూడో స్థానంలోనే వచ్చాడు. మా ముందు నుంచి దూసుకుపోయి వీపు కనబడినప్పుడు నేను గుడ్డ చూశాను. అది సీటు పైన లేదు. ముడి కమ్మీ మీద జారిపోయి కిందికి, గొలుసు వైపుకి వచ్చేసింది. పొడుగు కొస నల్లగా నూనె పట్టి చక్రం పక్కనే టపటపా కొట్టుకుంటోంది. గొలుసులో పావడా పడితే ఏమవుతుందో షెడ్డులో నాకు ఒకసారి తెలిసింది. చేత్తో తిప్పుతున్న చక్రమే అయినా నా పావడా కుచ్చిళ్ళు లాక్కుపోయి బిగుసుకుపోయింది. కత్తెరతో కోస్తే గాని రాలేదు.

"మామ్మా, గుడ్డ జారిపోనాది. గొలుసులో పడతాది."

"నోర్ముయ్. అలాటి మాటనకు. ఆడు బండి మీదున్నాడు."

"నిజం మామ్మా, సూసినాను."

"గుడ్డ కనబడింది కదే నాకు. బాగానే ఎగురుతంది."

"సిన్నా..." అని నేను గట్టిగా అరవబోయాను. మళ్ళీ ఆ చెయ్యి. ఈసారి నొప్పి పుట్టేటట్టు మూసింది. "ఎనకనుంచి పిలవద్దన్నానా!"

విదిలించుకుని, చేతికి గుడ్డపట్టీ కట్టుకుని తాడు దగ్గర నిలబడ్డ మనిషి దగ్గరికి పరిగెత్తాను. "బాబూ, పసుపు గుడ్డ బండిని ఆపండి, గొలుసు..." అన్నాను. ఆయన రోడ్డుమీంచి చూపు తిప్పలేదు. "వెనక్కి పో పాపా, తాడు దాటకు" అన్నాడు. మూడోసారి వచ్చే బళ్ళ చప్పుడు అప్పటికే కొండ అవతల నుంచి వినిపిస్తోంది.

అప్పుడు నాకు వచ్చిన ఆలోచన పెద్ద తెలివైందేం కాదు. వెనకనుంచి పిలవకూడదు. సరే, ముందు నుంచి పిలవచ్చు కదా. తోటకి అడ్డంపడి వెళ్తే అవతలి రోడ్డు. అక్కడ ఆయన ఎదురొస్తాడు.

మూట చేతిలో ఉండగానే పరిగెత్తాను. ఎండిన జీడాకులు కాళ్ళకింద పటపటలాడాయి. ముళ్ళు దిగాయి. ఆ తోటలో అంతకుముందు ఒక ఊరుండేది. ఫ్యాక్టరీ కోసం జనాన్ని ఖాళీ చేయించారు. గోడలు పోయాయి, గుమ్మం రాళ్ళు మిగిలాయి. ఒక రుబ్బురోలు మట్టిలో సగం కూరుకుపోయి ఉంది, దాన్ని తన్నుకుని బోర్లాపడ్డాను. గిన్నె మూత ఎగిరిపోయింది. అంబలి, నెత్తళ్ళు అన్నీ ఎవరిదో వాకిట్లో ఒలికిపోయాయి. తంతానన్న మామ్మ మాట గుర్తొచ్చింది. చేతిలో ఎర్రచీర ముక్క మాత్రం మిగిలింది. దాన్ని పట్టుకుని లేచాను. చప్పుడు కొండని చుడుతోంది. నాకంటే ముందే అది పల్లానికి వచ్చేస్తుందేమోనని, ఊపిరి అందక ఏడుస్తూ పరిగెత్తాను.

తోట దాటగానే రోడ్డు. అక్కడ జనం పలచగా ఉన్నారు, తాడు కూడా లేదు. రోడ్డు పైనుంచి ఏటవాలుగా దిగి నా దగ్గర మలుపు తిరుగుతుంది. ఆ మలుపుకి ఇవతల, రోడ్డు వెయ్యగా మిగిలిన నల్లరాళ్ళ గుట్ట.

పైన మొదటి బండి కనబడింది. దాని వెనక రెండోది. నేను రోడ్డు అంచున నిలబడి ఎర్రగుడ్డని రెండు చేతులా పైకెత్తాను. నేలదాకా దించాను. మళ్ళీ ఎత్తాను. మొదటివాడు నాకేసి చూడనైనా చూడకుండా దూసుకుపోయాడు, గాలికి నా పావడా ఎగిరింది. రెండోవాడూ పోయాడు. ఎవరో "ఓలమ్మో, గుంటపిల్ల సచ్చిపోద్ది, లాగండి!" అని అరిచారు. నేను దించాను, ఎత్తాను. పైన మూడో బండి. ముందునుంచి పసుపు కనబడదు కదా, అది ఆయనేనో కాదో నాకు తెలీదు. బిళ్ళ మీద గీత ఉంది, అది ఏమిటో తెలీదు. ఆయన కాకపోతే? ఆయనే అయి, మళ్ళీ ఆట అనుకుంటే? చెవి మెలిపెట్టిన చోట మంట పుట్టింది. దించాను. ఎత్తాను.

బండి చప్పుడు తెగిపోయింది.

అరుపు లాంటి చప్పుడు గుటుక్కున మింగినట్టు ఆగింది. ఆయన లేచి నిటారుగా కూర్చున్నాడు. గట్టిగా పట్టి ఆపలేదు. అల వీపు మీద పడవని వదిలేసినట్టు, బండిని వదిలేసి దాని వేగం దాన్నే తినెయ్యనిచ్చాడు. రోడ్డు దిగి మట్టిలోకి వచ్చాడు. వస్తూ వస్తూ మనిషి నడకంత నెమ్మదయ్యాక, వెనక చక్రం కీచుమని బిగుసుకుపోయింది. బండి పక్కకి ఒరిగి, ఆయన్ని మట్టిలో పడేసింది. రాళ్ళ గుట్ట ఆయన తలకి చెయ్యి చాచినంత దూరంలో ఉంది.

ఆ వెనకబళ్ళన్నీ మమ్మల్ని దాటి పోయాయి. నాలుగోవాడు మూడోవాడైపోయాడు.

చిన్నాన్న లేచి టోపీ పీకి నా మీదికి వచ్చాడు. ముఖం నిండా మసి, కళ్ళు ఒక్కటే తెల్లగా ఉన్నాయి.

"ఏటే? ఏటైనాది? ఎందుకాపినావ్? అమ్మకేటైనా అయినాదా?"

వేలు చూపించాను.

ఆయన బండివైపు తిరిగాడు. పసుపు గుడ్డ గొలుసుకీ పళ్ళచక్రానికీ మధ్య బిగుసుకుపోయి తాడులా మెలిపడి ఉంది. ఆయన దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. తర్వాత మలుపుకేసి, రాళ్ళకేసి చూశాడు.

"గాలికి ఎగిరినంతసేపూ పర్లేదే. ఈ మలుపు కాడ తగ్గిత్తాను సూడు, అప్పుడు దిగేది లోనికి" అన్నాడు. అని, అక్కడే మట్టిలో చతికిలబడి, నన్ను ఒళ్ళోకి లాక్కున్నాడు. ఆయన గుండె బండి కన్నా గట్టిగా కొట్టుకోవడం నా వీపుకి తెలిసింది.

"మద్రాసు పోనాది కదా సిన్నాన్నా" అన్నాను.

"పోనీ. మద్రాసు ఎక్కడికీ పోదు, అక్కడే ఉంటాది." గుడ్డని పళ్ళతో కొరికి, వేళ్ళతో లాగి, ముక్కలుముక్కలుగా తీశాడు. ఆ ముక్కలన్నీ జేబులో కుక్కుకున్నాడు. "ఇదిగో, ఇనుకో. బండి సెడిపోనాది. అంతే. గుడ్డ మాట అమ్మతో అన్నావంటే ఊరుకోను. అన్న పోయినకాడినించీ అమ్మ ఎలాగున్నాదో సూత్తన్నావు కదా."

బండి తోసుకుంటూ తోట అంచునే తిరిగొచ్చాం. అప్పటికి కార్ల పందెం మొదలైంది. పైకప్పు తక్కువగా ఉన్న కార్లు రంగులు పూసుకుని కందిరీగల్లా గీపెడుతూ పోతున్నాయి. అంతకుముందు నేను చూడాలని మనసుపడింది వాటినే. ఒక్కటి కూడా నాకు సరిగా గుర్తులేదు. షెడ్డు ఓనరు ఎదురొచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. మెడలో శిలువ గొలుసు, చేతిలో జేబురుమాలు.

"ఏటైంది?"

"గొలుసు పట్టేసినాదండి."

ఆయన వంగి గొలుసు మీద వేలు రాసి చూసుకున్నాడు. వేలికి నూనెతో పాటు పసుపు అంటింది. ఆ వేలుని, దూరంగా నిలబడ్డ మామ్మనీ చూశాడు. "దేవుడు దయ చూపించాడు. రేపు పెందలాడే షెడ్డుకి రా" అని మాత్రం అన్నాడు. మద్రాసుకి ఇంకొకరిని తీసుకెళ్ళాడు.

మామ్మ మేము వచ్చేదాకా తాడు పట్టుకునే ఉంది. పసుపు రాలేదేటి, పసుపు రాలేదేటి అని చుట్టుపక్కల అందరినీ అడిగిందట. మేము కనబడగానే ముందు నా వీపుమీద ఒకటిచ్చింది. "గిన్నేదే?"

"ఒలికిపోనాది."

ఇంకోటిచ్చింది. తర్వాత చిన్నాన్నని తలనుంచి కాళ్ళదాకా తడిమింది. "గుడ్డేదిరా?"

"గాలికెగిరిపోనాదమ్మా."

మామ్మ ఆయన చేతులు పట్టుకుంది. గోళ్ళలో నలుపు, నలుపు కింద పసుపు. ముక్కు దగ్గరికి తీసుకుని వాసన చూసింది. పైట చెంగుతో ఒక్కో వేలూ తుడిచింది. పురిటి బిడ్డ వేళ్ళు తుడిచినట్టు, సందులు వదలకుండా.

బస్సులో చాలాసేపు కిటికీ బయటికే చూసింది. మా స్టాపు దగ్గర పడుతుండగా అడిగింది: "నీ బిళ్ళమీద గీసిందేట్రా?"

"ఏడు."

"ఎలాగుంటాది?"

ఆ సాయంత్రం ఒడ్డున తడి ఇసుకలో చిన్నాన్న వేలితో గీశాడు. ఒక అడ్డగీత, దాని కొసనుంచి కిందికి జారిన ఇంకో గీత. "గేలంలాగున్నాది" అంది మామ్మ. ఆ మర్నాటినుంచి పొయ్యి బూడిదలో గీసేది, ఎండుచేపల చాప పక్కన ఇసుకలో గీసేది. నా చేత గీయించి తప్పులు పట్టేది. పసుపు గుడ్డ ఇంకెప్పుడూ దేనికీ కట్టలేదు. చిన్నాన్నా నేనూ మా అబద్ధం గట్టిగానే నిలబడిందనుకున్నాం.

తర్వాతి వేసవిలో అవే రోడ్ల మీద మళ్ళీ పందేలు పెట్టారు. చిన్నాన్న మళ్ళీ దిగాడు. మామ్మ పెద్దరికంగా ముందువరసలో నిలబడి, ఎవరి సాయమూ అక్కర్లేనట్టు, ప్రతి బిళ్ళనీ కళ్ళు చికిలించి చూసింది. గేలం కనబడగానే చేతులు జోడించింది. ప్రతి చుట్టులోనూ ఆ గేలాన్నే పట్టుకుని వేలాడింది. అది కొండ వెనక్కి పోతే ఊపిరి బిగబట్టేది, కనబడితే వదిలేది. పందెం అయ్యాక ఆ ఏడో నంబరు మనిషి టోపీ తీశాడు. వాడెవరో బుర్రమీసాల పరాయి మనిషి. మామ్మ నోరు తెరుచుకుని ఉండిపోయింది.

చిన్నాన్న వెనకనుంచి వచ్చి, పడీపడీ నవ్వాడు. "అమ్మా, ఏటేటా అంకె మార్చేత్తారే! ఈసారి నాది నాలుగు. పొద్దున్నించీ ఎవడికో మొక్కినావు!"

మామ్మ సిగ్గుపడుతుందనుకున్నాను. ఆ బుర్రమీసాల మనిషికేసి ఒకసారి చూసి, "అయితే ఏటి? ఆడికీ ఒక అమ్మ ఉంటాది. ఆ ఒడ్డున ఆవిడ నీకు మొక్కే ఉంటాది" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "గుడ్డ కట్టినకన్నా నయమే కదరా."

చిన్నాన్న నవ్వు ఆగిపోయింది. ఆముదం పొగలో ముగ్గురం నిలబడి ఉన్నాం.

ఇప్పుడు ఆ రోడ్ల మీద క్వార్టర్లు, చెట్లు, బస్సులు. జీడితోట లేదు. మామ్మ లేదు, చిన్నాన్న లేడు. ఆయన ముసలాడై మంచం మీదే పోయాడు. నేను లెక్కలేనన్ని చేపలు అమ్మి, పిల్లల్ని పెంచి, చివరికి మా పేట పిల్ల ఒకతి మధ్యాహ్నంపూట పెద్దాళ్ళకి చదువు చెబుతుంటే వెళ్ళి కూర్చున్నాను. చేతికి సుద్ద ఇచ్చి, నీకేం వచ్చు మామ్మా అంటే, నేను గేలం గీశాను.

మొన్న బీచిరోడ్డు మీద బళ్ళు వచ్చాయి. ఆముదం వాసన లేదు. ఒక్కో బండీ ముందునుంచి వస్తుంటే నేను అంకె పైకి చదివాను. పదకొండు. నాలుగు. ముప్ఫై. ఇరవై రెండు. పక్కనున్న అబ్బాయి, "మీవాళ్ళున్నారా మామ్మగారూ? ఏ నంబరు?" అన్నాడు. నేను చదువుతూనే ఉన్నాను. ఆఖరి చుట్టులో ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. పదకొండు వచ్చింది, ముప్ఫై వచ్చింది, నాలుగు వచ్చింది. ఇరవై రెండు రాలేదు. జనం పలచబడ్డారు, తాడు విప్పడానికి మనుషులొచ్చారు. నేను రెండు చేతులా తాడు పట్టుకుని మలుపుకేసే చూస్తూ నిలబడ్డాను. చాలాసేపటికి, బండిని తోసుకుంటూ, ఇరవై రెండు వచ్చాడు.

అప్పుడు చుట్టాలింటికి బయల్దేరాను.